పాత కిటికీ, కొత్త వీధి

కంప్యూటరు కబుర్లు



"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అన్నారు పెద్దలు. కంప్యూటర్ల విషయంలో మాత్రం మన గల్ఫ్ ఇళ్ళలో ఈ సామెత అంతగా చెల్లదు. రియాలు రియాలు కూడబెట్టి కొన్న వస్తువు. అది పనిచేస్తున్నంతకాలం పారెయ్యడానికి మనసొప్పదు. ఖతీఫ్ అయినా, పక్కనున్న సైహాత్, సఫ్వా, తారూత్ అయినా, మనవాళ్ళ ఇళ్ళలో ఒక మూల పాత కంప్యూటరు గుడ్డ కప్పుకుని కూర్చుని ఉండడం వింతేమీ కాదు. సెలవు రోజున పిల్లలు దాన్ని ఆన్ చేస్తారు. అది గురగురమని లేస్తుంది, పాత పాట వినిపిస్తుంది, పాత ఫోటోలు చూపిస్తుంది.

"బాగానే పనిచేస్తోంది కదండీ, మరి దీన్ని మార్చడం దేనికి?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పైగా ఈ మధ్య ఇది దాదాపు ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్న అయింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న ఉచిత మద్దతు ఆపేసింది. నిన్నటిదాకా కొత్తదే అనుకున్న ల్యాప్‌టాప్ కూడా ఆ తేదీతో పాత కంప్యూటర్ల వరసలో చేరింది.

విండో అంటే కిటికీ అని పిల్లలకు తెలుసు. మన ఇంటి కిటికీ పాతదైనా గట్టిగానే ఉండవచ్చు. అయితే కిటికీ అవతలి వీధి ఇరవై ఏళ్ళ కిందటి వీధి కాదు. వాహనాలు మారాయి, తాళాలు మారాయి, దొంగలు కూడా మారారు. ఈసారి మన కబుర్లు ఆ కిటికీ గురించీ, ఆ వీధి గురించీ.

గడువు తీరడం అంటే ఏమిటి?

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. అందులో కొన్ని కోట్ల వరుసల రాత ఉంటుంది. అంత పెద్ద గోడ కట్టినప్పుడు ఎక్కడో ఒకచోట పగుళ్ళు ఉండక తప్పదు. దొంగలు ఆ పగుళ్ళు వెతుకుతారు. కట్టిన సంస్థ కూడా వెతికి, ఎప్పటికప్పుడు సిమెంటు పూస్తుంది. మనం "అప్‌డేట్" అనేది ఆ పూతనే. గడువు తీరిందంటే ఇక మేస్త్రి రాడన్నమాట.

పెద్దలు కూడా తరచు గమనించని మాట ఇంకొకటి ఉంది. కొత్త విండోస్‌లో ఒక పగులు పూడ్చినప్పుడు, ఆ పూత ఎక్కడ పడిందో దొంగలు పరిశీలించి చూస్తారు. అదే పగులు పాత విండోస్‌లోనూ ఉంటే అక్కడ పూత పడదు కాబట్టి వాళ్ళకు దారి దొరికినట్టే. అంటే కొత్త ఇంటికి వేసిన ప్రతి పూతా పాత ఇంటి లోపాన్ని లోకానికి చూపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ పాత సిస్టమ్ "బాగానే పనిచేస్తూ" ఉన్నా, అపాయం పెరుగుతూ పోయేది అందుకే.

తేదీలు ఒకసారి చూద్దాం. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వచ్చింది, 2014 ఏప్రిల్ 8న దాని మద్దతు ముగిసింది. విండోస్ 7 పుట్టింది 2009 అక్టోబరు 22న, మద్దతు ఆగింది 2020 జనవరి 14న. విండోస్ 10 పుట్టింది 2015 జూలై 29న. ఒక్కొక్కదానికీ పది, పన్నెండేళ్ళ ఆయుర్దాయం.

పిల్లలకో చిన్న లెక్క. ఎక్స్‌పీ నడవడానికి కనీసం 64 ఎంబీ మెమరీ చాలు. విండోస్ 11కి కనీసం 4 జీబీ కావాలి. ఒక జీబీ అంటే 1024 ఎంబీ. అయితే ఎన్ని రెట్లు? సరిగ్గా 64 రెట్లు! వెబ్ పేజీలు కూడా బాగా బరువెక్కాయి. పాత కంప్యూటరులో ఒక పేజీ తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు అనిపించేది అందువల్లనే.

వెబ్‌సైటుకూ ఇఖామా ఉంటుంది

"మా పాత కంప్యూటర్లో నెట్ వస్తోంది, కానీ ఏ సైటూ తెరుచుకోవడం లేదు, ఎర్ర హెచ్చరికలు వస్తున్నాయి" అనే ఫిర్యాదు కూడా వింటుంటాం. దీని మర్మం మన పిల్లలకు చాలా సులువుగా అర్థమవుతుంది. ఎందుకంటే వాళ్ళు ఇఖామా అన్న మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నారు.

మనం ఎవరమో చెప్పడానికి ఇఖామా ఉన్నట్టే, ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది. దాని మీద పేరు, జారీ చేసినవారి పేరు, గడువు తేదీ ఉంటాయి. మనకు జవాజాత్ ఎలాగో, ఆ పత్రాలు ఇవ్వడానికి కొన్ని నమ్మకమైన సంస్థలు అలాగ. ఏయే సంస్థలను నమ్మాలో కంప్యూటరు దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితా పాతబడితే కొత్త సంస్థ ఇచ్చిన అసలైన పత్రాన్ని కూడా "ఇదెవరో నాకు తెలియదు" అంటుంది. 2021 సెప్టెంబరు 30న ఇలాంటి ఒక మూల ధ్రువపత్రం గడువు తీరింది. అసంఖ్యాకమైన వెబ్‌సైట్లు దానిమీద ఆధారపడి ఉండడంతో ఐఓఎస్ 10 కన్నా ముందరి ఐఫోన్లు, పాత మ్యాక్ కంప్యూటర్లు ఒక్కసారిగా ఆ సైట్లను నమ్మడం మానేశాయి. సైట్ల తప్పు లేదు, ఫోన్లు చెడిపోలేదు. జాబితా పాతబడింది, అంతే.

రెండో అడ్డంకి రహస్య భాష. బ్రౌజరూ, వెబ్‌సైటూ మూడోవాడికి అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి టీఎల్ఎస్ అనే పద్ధతి ఉంది. దాని 1.0 రూపం 1999 నాటిది, 1.2 రూపం 2008లో, 1.3 రూపం 2018లో వచ్చాయి. మన ఇళ్ళలోని ఎక్స్‌పీలో మామూలుగా ఉండే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు 1.0 మాత్రమే తెలుసు. నేటి బ్యాంకు సైటు ఆ పాత భాషలో మాట్లాడదు. మాట కలవకపోతే తలుపు తెరుచుకోదు.

"మేం వేరే బ్రౌజరు వాడుతున్నాం లెండి" అంటారు కొందరు. క్రోమ్ తన 49వ రూపంతో, 2016లో ఎక్స్‌పీని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 52వ రూపంతో, 2018లో వదిలేసింది. విండోస్ 7కి 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109 ఆఖరిది. ఆ పాత ఫైర్‌ఫాక్స్‌కు తన సొంత జాబితా, సొంత రహస్య భాష ఉన్నాయి కాబట్టి ఎక్స్‌పీలో ఈనాటికీ కొన్ని సైట్లు తెరుచుకుంటాయి. తెరుచుకున్నంత మాత్రాన క్షేమం అనుకోకూడదు. తలుపు కొత్తదైనా చుట్టూ ఉన్న గోడ పాతదే కదా!

ఇక మూడోది చాలా చిన్న సంగతి. కంప్యూటరు లోపల గడియారం నడవడానికి రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది అయిపోతుంది. అప్పుడు ఆ కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ తాను పుట్టిన కాలానికి వెళ్ళిపోతుంది. ఈరోజు 2003 జనవరి ఒకటి అనుకుంటున్న యంత్రానికి నేటి వెబ్‌సైటు పత్రం చూపిస్తే "ఇది ఇంకా జారీ కాలేదు" అని తిప్పి పంపిస్తుంది. కొద్ది రియాళ్ళ బ్యాటరీ మారిస్తే ఈ ఒక్క బాధ తీరుతుంది. అందుకని ఎర్ర హెచ్చరిక కనబడగానే కంగారు పడకుండా మొదట తేదీ చూడండి.

2020 మార్చి, ఖతీఫ్

ఈ సాంకేతిక విషయాలకూ మన ఊరికీ ఏమిటి సంబంధం అనుకుంటారేమో. ఉంది. 2020 మార్చి 8న కరోనా కారణంగా ఖతీఫ్‌కు రాకపోకలు ఆపేశారు. మరునాటి నుంచి సౌదీ అంతటా బడులు మూతపడ్డాయి. ఏప్రిల్ నెలాఖరులో ఆ కట్టడి సడలించేదాకా ఖతీఫ్ వాసులు ఊరు దాటి వెళ్ళడానికి లేకపోయింది. దమ్మాంకు బడికి వెళ్ళే పిల్లలకు ఇల్లే తరగతి గది అయింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకటే ల్యాప్‌టాప్ అయితే రెండోవారికి మూలనున్న పాత కంప్యూటరే దిక్కు. ఆ పాతవాటిలో ఎక్కువగా కనిపించే విండోస్ 7కి మద్దతు ఆగిపోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

అదే వారంలో బయటి ప్రపంచంలో ఒక ముచ్చట జరిగింది. పాత రహస్య భాషలైన టీఎల్ఎస్ 1.0, 1.1లను ఇక ఆపేయాలని బ్రౌజర్ల సంస్థలన్నీ ముందే నిర్ణయించుకున్నాయి. మార్చి 10న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 74 వాటిని ఆపేసింది కూడా. అయితే కరోనా సమాచారం ఇచ్చే కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు ఇంకా ఆ పాత భాషలోనే మాట్లాడుతున్నాయని తేలడంతో, ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. జూన్ నెలాఖరున వచ్చిన ఫైర్‌ఫాక్స్ 78లో మళ్ళీ ఆపేశారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. పాతవాటిని వదిలెయ్యడం ఎవరికీ సరదా కాదు. ఆపద వేళ లోకం కొన్నాళ్ళు ఆగింది. కానీ ఎల్లకాలం ఆగలేదు. అవసరం మీదపడ్డాక వెతుక్కునే బదులు ఇంట్లో ఏ యంత్రం దేనికి పనికొస్తుందో తీరికగా ఉన్నప్పుడే తేల్చుకోవడం మంచిది.

దొంగ ఏ దారిన వస్తాడు?

ఖతీఫ్ నుంచి కారులో కాస్త దూరం వెళితే దహ్రాన్. 2012 ఆగస్టు 15న, రంజాన్ మాసం చివరి రోజుల్లో, ఉద్యోగులు చాలామంది సెలవులో ఉన్న వేళ, అక్కడి ఆరాంకో సంస్థ కంప్యూటర్ల మీద షమూన్ అనే వైరస్ పడింది. సుమారు 30,000 కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. చమురు ఉత్పత్తికి ఆటంకం కలగలేదు గాని, ఆఫీసు కంప్యూటర్లలోని సమాచారం తుడిచిపెట్టుకుపోయింది. అది పాత విండోస్ వల్ల జరిగిన సంఘటన అని చెప్పడం నా ఉద్దేశం కాదు. నెట్‌వర్కులో ఒక యంత్రంలోకి వచ్చిన వైరస్ పక్క యంత్రాలకు పాకగలదని చెప్పడానికి మన పొరుగున ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. మన ఇంటి వైఫై కూడా ఒక చిన్న నెట్‌వర్కే. మూలనున్న పాత కంప్యూటరూ, నాన్న బ్యాంకు పనులు చూసుకునే ల్యాప్‌టాప్పూ, అమ్మ ఫోనూ అన్నీ దానికే తగులుకుని ఉంటాయి.

అచ్చంగా అప్‌డేట్లకు సంబంధించిన ఉదాహరణ కావాలంటే మన తెలుగునాటికే వెళ్ళాలి. 2017 మే 12, శుక్రవారం నాడు వానాక్రై అనే వైరస్ లోకం మీద పడింది. కంప్యూటరులోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, విప్పాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని అడిగేది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 102 కంప్యూటర్లు చిక్కుకున్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు పనులకు వాడే కొన్ని కంప్యూటర్లకు కూడా ఆ సెగ తగిలింది. దర్శనాలకు ఇబ్బంది రాలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ పగులుకు పూత అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, సిద్ధమైంది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. గడువు తీరిన ఎక్స్‌పీకి మాత్రం ఆ పూత ఇవ్వలేదు. దాడి జరిగాక ప్రత్యేకంగా విడుదల చేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టని పూర్తిగా అనలేం గాని, దొంగలు పడ్డాకే అని మాత్రం చెప్పాలి! ఆ తర్వాత కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తీస్తే, దెబ్బతిన్న కంప్యూటర్లలో నూటికి 98 దాకా విండోస్ 7వని తేలింది. అప్పటికి విండోస్ 7కి మద్దతు ఉంది. పూత అందుబాటులో ఉంది. వేసుకోకపోవడమే లోపం. అందుచేత "మాది కొత్తదే" అనేవారు కూడా అప్‌డేట్లు పడుతున్నాయో లేదో చూసుకోవాలి.

డబ్బాల్లో ఇరుక్కున్న తెలుగు

ఇప్పుడు మన భాష సంగతికి వద్దాం. పాత కంప్యూటరును తొందరపడి పారెయ్యవద్దని చెప్పడానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

విండోస్ 2000లో హిందీ, తమిళం ఉన్నాయి గాని తెలుగు లేదు. ఎక్స్‌పీతోనే గౌతమి అనే ఫాంటు రూపంలో తెలుగు విండోస్‌లోకి వచ్చింది. అయితే ఇంగ్లీషు ఎక్స్‌పీలో అది దానంతట అది పనిచేసేది కాదు. భాషల సెట్టింగుల్లోకి వెళ్ళి, క్లిష్టమైన లిపులకూ, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కలిపి ఉన్న ఒకే గడిలో టిక్కు పెట్టాలి. అరబిక్‌కూ తెలుగుకూ తాళంచెవి ఒకటే! అరబిక్ ఎక్స్‌పీలో ఆ ఏర్పాటు ముందే ఉండేది. కాబట్టి సౌదీలో అరబిక్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లో మన వత్తులూ, గుణింతాలూ టిక్కు అడగకుండానే కుదురుగా కూర్చునేవి. ఊరు కాని ఊళ్ళో మన లిపికి అరబిక్ చేసిన సాయం అది.

కాలం అక్కడ ఆగలేదు. చుక్క, చాప వంటి మాటల్లోని దంత్య చకారానికి ౘ, జాము వంటి మాటల్లోని దంత్య జకారానికి ౙ అనే గుర్తులు బ్రౌన్ నిఘంటువు తిరగేసిన వారికి పరిచయమే. వాటికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. ప్రాచీన శాసనాల్లోని ఴ అక్షరానికి 2014లో చోటు దొరికింది. మన రూపాయి గుర్తు ₹ను ప్రభుత్వం ఆమోదించింది 2010 జూలై 15న. సౌదీ రియాలు గుర్తును ప్రకటించింది 2025 ఫిబ్రవరి 20న. అదే ఏడాది సెప్టెంబరులో యూనికోడ్ 17.0లో దానికీ చోటు ఇచ్చారు. 2001లో పుట్టిన ఫాంటుకు ఇవేవీ తెలియవు. వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. మన సంపాదన రియాలూ, మనం పంపే రూపాయీ రెండూ డబ్బాలే!

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో చిక్కుంది. అది చాలా విలువైన చిక్కు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మనవాళ్ళు తెలుగు టైపు చేసింది అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో. ఆ ఫైళ్ళ లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. నాటకంలో వేషం తీసేస్తే రాముడు రాముడు కాదు కదా, అలాగే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. సంఘాల పాత సంచికలు, ఉగాది నాటికల రాతప్రతులు, తాతగారు చెబుతుంటే టైపు చేసిన ఊరి కబుర్లు, అమ్మమ్మ పంపిన పచ్చళ్ళ కొలతలు అలాంటి ఫైళ్ళలో ఉంటే, వాటిని సరిగ్గా చదవగలిగింది ఆ మూలనున్న యంత్రం ఒక్కటే కావచ్చు. దాని డిస్కు ఆగిపోతే ఆ తెలుగు మూగబోతుంది.

అయితే ఏం చెయ్యాలి?

నా సలహా ఒక్కటే: పాత కంప్యూటరును ఇంట్లో ఉంచుకోండి, వీధిలోకి పంపకండి. అంటే దాని నెట్ తీగ తీసేయండి, వైఫై ఆపేయండి. బ్యాంకు, అబ్షర్, ఈమెయిల్ వంటి పనులు దానిమీద ఎప్పుడూ చెయ్యకండి. అప్పుడది పిల్లలు టైపింగు నేర్చుకోవడానికీ, బొమ్మలు వేసుకోవడానికీ, పాత ఆటలు ఆడుకోవడానికీ చక్కగా పనికొస్తుంది.

దానిలోని ఫోటోలూ, రాతలూ మాత్రం వెంటనే బయటకు తెచ్చుకోవాలి. దీనికి 32 జీబీ లేదా అంతకన్నా చిన్న పెన్‌డ్రైవ్ వాడండి. 64 జీబీ, ఆపైనవాటిని చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో అమ్ముతారు. అదనపు అప్‌డేట్ లేకుండా ఎక్స్‌పీ దాన్ని చదవలేదు. పెన్‌డ్రైవ్‌ను కొత్త కంప్యూటర్లో పెట్టగానే ఫైళ్ళు తెరవకుండా ముందు వైరస్ పరీక్ష చెయ్యండి.

తెలుగు ఫైళ్ళను పాత యంత్రంలోనే తెరిచి, పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాము ఉంటే మార్చుకోండి. అందులో ఫాంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చదవవచ్చు. లేకపోతే కాగితం మీద అచ్చు తీసుకోండి. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. అవి వత్తుల దగ్గర తడబడవచ్చు కాబట్టి అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని సరిచూడాలి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే తెలుగు చదవడం కూడా వస్తుంది! చివరగా ప్రతిదానికీ రెండు నకళ్ళు తీసి, వేర్వేరు చోట్ల దాచండి.

విండోస్ 10 ఉన్నవారు సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీ చూడండి. మీ యంత్రం విండోస్ 11కి తగినదో కాదో అక్కడ తెలుస్తుంది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ, 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కూ, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరూ ఉండాలి. తగనివాటికి 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ తేదీని గమనంలో ఉంచుకోండి.

యంత్రం బాగుండి విండోస్ ఒక్కటే పాతబడితే లినక్స్ వేసుకోవచ్చు. లినక్స్ మింట్ వంటివి ఉచితం. 2 జీబీ మెమరీతో నడుస్తాయి, 4 జీబీ ఉంటే సుఖం. తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోనే లినక్స్ ఆధారిత సిస్టమ్‌ను తయారుచేసింది. అలవాటుపడిన కొన్ని విండోస్ ప్రోగ్రాములు అందులో నడవవు కాబట్టి, ముందు ఒక పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే వేసుకోండి.

ఊరికి పంపేముందు

ఇది పెద్దలతో ప్రత్యేకంగా చెప్పే మాట. కొత్తది కొన్నాక మనం పాత కంప్యూటరును, పాత ఫోనును కార్గోలో ఊరికి పంపడం మనకు అలవాటే. "నాన్నకు ఇది చాలు" అనుకుంటాం. ప్రేమతోనే పంపుతాం. కానీ ఆలోచించండి. ఆ యంత్రంతో నాన్న చేసేవి ఏమిటి? పెన్షను చూసుకోవడం, మనం పంపిన డబ్బు పడిందో లేదో బ్యాంకులో చూడడం, మన పిల్లల ముఖాలు చూడడం. గడువు తీరిన సిస్టమ్ మీద అస్సలు చెయ్యకూడని పనులే ఇవన్నీ. మన ఇంట్లో మనం వాడడానికి భయపడే యంత్రాన్ని, మోసం జరిగినా వెంటనే గుర్తుపట్టలేని పెద్దవాళ్ళ చేతికి ఇస్తున్నామన్నమాట.

ఫోన్లదీ అదే కథ. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అదే ఏడాది మే 5 నుంచి ఐఓఎస్ 15.1 కన్నా పాత ఐఫోన్లలోనూ ఆగిపోయింది. అలాంటి ఫోను చేతిలో ఉన్న అమ్మమ్మకు "వీడియో రావడం లేదు, మీకే తీరిక లేదేమో" అనిపిస్తే ఆ తప్పు ఎవరిది?

అందుకని ఊరికి పంపేది ఏదైనా ముందు మద్దతు ఉన్న సిస్టమ్ వేసి పంపండి. మన ఇఖామా, పాస్‌పోర్టు నకళ్ళు, ఇంటి ఫోటోలు డిస్కు నుంచి పూర్తిగా తుడిపించండి. మామూలుగా డిలీట్ కొడితే అవి నిజంగా చెరిగిపోవు. డెస్క్‌టాప్ అయితే మరో జాగ్రత్త. సౌదీలోని పాత ఇళ్ళలో కరెంటు 127 వోల్టులు, మన దేశంలో 230. పెట్టె వెనకాల చిన్న ఎర్ర మీట 115 మీద ఉందేమో చూసి, ఊళ్ళో ప్లగ్గులో పెట్టకముందే 230కి మార్చమని చెప్పండి. లేకపోతే మొదటి స్విచ్చుతోనే పవర్ సప్లై కాలిపోతుంది.

పిల్లలకో పని

వచ్చే శుక్రవారం మీ ఇంటి యంత్రాలన్నిటికీ జాతకం రాయండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, యంత్రం పేరు, అందులోని సిస్టమ్ పేరు, చివరి అప్‌డేట్ పడిన తేదీ, మద్దతు ముగిసే తేదీ రాయండి. కంప్యూటర్లు, ఫోన్లు, ట్యాబ్లెట్లు, టీవీ, వైఫై పెట్టె ఏదీ వదలకండి. గడువు తీరినవాటి పక్కన ఎర్ర చుక్క పెట్టి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ తర్వాత తాతయ్యకు ఫోన్ చేసి, ఆయన యంత్రం వివరాలు కూడా అడిగి అదే కాగితంలో చేర్చండి. ఎర్ర చుక్కలు ఎన్ని వచ్చాయో చూసి, ముందుగా దేని సంగతి చూడాలో అమ్మానాన్నలతో కూర్చుని తేల్చండి. తాతయ్య వరసలో చుక్క పడితే మాత్రం మొదలు అక్కడి నుంచే పెట్టండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.